గుడ్డు ముట్టని మామకి కొలెస్ట్రాల్ ఎక్కడిది?

మా మేనమామది చంద్రగిరి. హిందీ పండితుడిగా చేసి రిటైరయ్యాడు. గుడ్డు ముట్టడు. కేకులో గుడ్డుంటుందని మనవరాలి పుట్టినరోజున కూడా కేకు వద్దంటాడు. శనివారం ఒంటిపూట. నెలకోసారి అలిపిరి మెట్లెక్కి కొండకి పోయొస్తాడు. అలాంటి మనిషికి పోయిన నెల తిరుపతిలో రక్తపరీక్ష చేయిస్తే, కాగితం మీద నాలుగు అంకెలూ లావు అక్షరాల్లో వచ్చాయి. మొత్తం కొలెస్ట్రాల్ 246, ట్రైగ్లిజరైడ్లు 210, "మంచి" కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 38, "చెడు" కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 166, అన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో.

"ఏంరా, గుడ్డు గూడా ముట్టనోడికి ఇదెట్ల వచ్చె? మీ అత్త నాకు తెలీకుండా ఏమన్నా కలిపి పెడతా ఉందా?" అని ఫోన్లో అడిగాడు. వెనకనుంచి అత్త గొంతు వినబడింది. ఏమందో ఇక్కడ రాయను.

మామ నవ్వులాటకే అన్నా, ఆ ప్రశ్న వెనక చాలామందికి ఉన్న నమ్మకమే ఉంది. కొలెస్ట్రాల్ అనేది తిండితో వచ్చే వస్తువనీ, కాగితం మీది అంకె మనం తిన్నదానికి లెక్క అనీ. ఆ నమ్మకం మొదట్లోనే దారి తప్పుతుంది. అందుకే తర్వాత గుడ్డు గురించి, నెయ్యి గురించి, మాత్రల గురించి ఎవరేం చెప్పినా అయోమయంగానే ఉంటుంది. కాబట్టి మొదటినుంచి మొదలుపెడదాం.

## కొవ్వు వేరు, కొలెస్ట్రాల్ వేరు

మనం ఒంట్లో కొవ్వు అనేది, పొట్ట చుట్టూ పేరుకునేది, నూనెలో ఉండేది ట్రైగ్లిజరైడ్. అది ఇంధనం. ఒళ్లు వంచితే కాలుతుంది. కొలెస్ట్రాల్ అట్లా కాదు. అది మైనంలాంటి పదార్థం. 27 కార్బన్ అణువులు, అందులో నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిగా ఉంటాయి. ఆ వలయాలను విరగ్గొట్టే యంత్రాంగం మన శరీరంలో లేదు. అంటే కొలెస్ట్రాల్‌నుంచి ఒక్క కేలరీ కూడా రాదు. "కొలెస్ట్రాల్ కరిగించే" కషాయాల ప్రకటనలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకొస్తే చాలు. కరగడానికి అది వెన్న కాదు. ఒంట్లోంచి పోవాలంటే ఒకటే పెద్ద దారి: కాలేయం దాన్ని పైత్యరసంలోకి వదలాలి, అది పేగుల్లోకి వచ్చి మలంతో బయటికి పోవాలి.

దాని పేరులో కూడా పైత్యమే ఉంది. గాల్‌బ్లాడర్‌లోని రాళ్లలో దీన్ని మొదట గుర్తించారు. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ గ్రీకులో పైత్యం, గట్టిది అనే రెండు మాటలు కలిపి పేరు పెట్టాడు. గుండెకీ దానికీ సంబంధం ఉందన్న అనుమానం వచ్చింది చాలా కాలానికి. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపిస్తే వాటి రక్తనాళాల్లో పూడికలు వచ్చాయి. కుందేలు గడ్డి తినే జంతువు, దాని తిండిలో కొలెస్ట్రాల్ సహజంగా ఉండదు, కాబట్టి ఆ ఫలితాన్ని మనిషికి అలాగే వర్తింపజేయలేం. ఆ గొడవ అప్పుడు మొదలై ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు.

## అది లేకపోతే ఏం ఆగిపోతుంది

ప్రతి కణానికీ పైన ఒక పొర ఉంటుంది. ఆ పొర మరీ పలచనైతే కణం చెదిరిపోతుంది, మరీ బిగుసుకుంటే లోపలికీ బయటికీ రాకపోకలు ఉండవు. ఈ రెంటి మధ్యా నిలబెట్టేది కొలెస్ట్రాల్. ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతమే గానీ, ఒంట్లోని మొత్తం కొలెస్ట్రాల్‌లో అయిదో వంతుకు పైగా అక్కడే ఉంటుంది, నరాల తీగలకు తొడుగుగా. మెదడు దాన్ని రక్తంలోంచి తీసుకోదు. తన సరుకు తనే తయారుచేసుకుంటుంది.

ఇక కార్టిసాల్, టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, ఈ హార్మోన్లన్నిటికీ ముడిసరుకు ఇదే. ఎండలో చర్మం తయారుచేసే విటమిన్ డి కూడా కొలెస్ట్రాల్‌కు ఒక్క మెట్టు ముందున్న పదార్థం నుంచే వస్తుంది. పైత్యంలోని ఆమ్లాలు దీన్నుంచి తయారైతేనే తిన్న నూనె అరుగుతుంది. ఇన్ని పనులున్న వస్తువుని శరీరం మన వంటింటి దయకు వదిలేస్తుందా? వదలదు.

## కాలేయం నడిపే తయారీ

కేంద్రకం ఉన్న ప్రతి కణమూ కొలెస్ట్రాల్ తయారుచేసుకోగలదు. ఎక్కువ బాధ్యత కాలేయానిది. ముడిసరుకు ఎసిటైల్ కో-ఏ అనే చిన్న ముక్క, అందులో రెండే కార్బన్లు. అన్నం తిన్నా, పప్పు తిన్నా, నెయ్యి తిన్నా లోపల విరిగి చివరికి ఈ ముక్క దగ్గరికి రాగలదు. అక్కణ్నుంచి 30 దాకా మెట్లెక్కితే కొలెస్ట్రాల్. ఈ మెట్లను వెతికి పట్టుకున్నందుకు కొన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లినెన్‌లకు 1964లో నోబెల్ వచ్చింది. ఆ మెట్లలో ఒకచోట హెచ్‌ఎంజీ కో-ఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ కుళాయిలాగా ఉంటుంది. అది తిప్పితే తయారీ పెరుగుతుంది, కడితే తగ్గుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు పట్టుకునేది సరిగ్గా ఈ కుళాయినే.

పెద్దవాళ్లలో రోజుకి సుమారు ఒక గ్రాము దాకా ఇలా ఒంట్లోనే తయారవుతుంది. మామూలు మాంసాహారి తిండిలో వచ్చేది 200 నుంచి 300 మిల్లీగ్రాములు, అందులో పేగులు పీల్చుకునేది సగం. మామలాంటి శాకాహారికి పాలు, పెరుగు, నెయ్యి తప్ప వేరే దారి లేదు కాబట్టి ఇంకా తక్కువ. తిండి ద్వారా తక్కువ వస్తే కాలేయం తయారీ పెంచుతుంది, ఎక్కువ వస్తే తగ్గిస్తుంది. సర్దుబాటు అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో తిన్నదానికి రక్తంలో అంకె ఎక్కువగా కదులుతుంది, కొందరిలో కదలనే కదలదు.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక పచ్చసొనలో సుమారు 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్. సగం పీల్చుకుంటే 95. పెద్దవాళ్లలో రక్తంలోని ద్రవభాగం, ప్లాస్మా, దాదాపు 3 లీటర్లు, అంటే 30 డెసీలీటర్లు. ఆ 95 మొత్తం అక్కడే ఆగిపోయిందనుకున్నా డెసీలీటరుకు 3 పెరుగుతుంది. నిజానికి అక్కడ ఆగదు. ఇంకోవైపు చూస్తే, రిపోర్టులో 200 అంటే ప్లాస్మా మొత్తంలో 6 గ్రాములు. ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్ మొత్తం 100 గ్రాముల పైమాటే. అంటే లాబ్ వాళ్లు కొలిచేది గోదాములో ఉన్న సరుకుని కాదు, దారిలో ఉన్న సరుకుని.

## దారిలో ఉన్న సరుకు: వీఎల్‌డీఎల్ నుంచి ఎల్‌డీఎల్ దాకా

మైనం నీళ్లలో కలవదు, రక్తం ఎక్కువభాగం నీరే. అందుకే కాలేయం కొవ్వునీ కొలెస్ట్రాల్‌నీ ప్రోటీన్ తొడుగున్న గోళీల్లో పెట్టి పంపుతుంది. మొదట బయల్దేరేది వీఎల్‌డీఎల్, నిండా ట్రైగ్లిజరైడ్ ఉన్న లారీ అనుకోండి. దారిలో కండరాల దగ్గర, కొవ్వు కణాల దగ్గర లోడు దించుకుంటూ పోతుంది. కొవ్వు దిగిపోయేకొద్దీ లారీ చిక్కిపోతుంది, మిగిలేది ఎక్కువగా కొలెస్ట్రాలే. ఆ చిక్కిన గోళీయే ఎల్‌డీఎల్. ప్రత్యేకంగా ఎవరో చెడు సరుకు తయారుచేసి వదిలింది కాదు, పని అయిపోయి తిరుగుముఖం పట్టిన బండి. దాన్ని లోపలికి తీసుకోవాల్సింది మళ్లీ చాలావరకు కాలేయమే. కథంతా ఇక్కడే ఉంది.

## శిలాతోరణం దాకా క్యూ

తిరుపతివాళ్లకి దీన్ని చెప్పడం తేలిక. రోజూ పేపర్లో చిన్న బాక్సు వస్తుంది: నిన్న దర్శనం చేసుకున్నవాళ్లు ఇంతమంది, నిండిన కంపార్ట్‌మెంట్లు ఇన్ని, సర్వదర్శనానికి ఇన్ని గంటలు. కొన్ని రోజులు వైకుంఠం క్యూ కాంప్లెక్స్ నిండి లైను శిలాతోరణం దాకా పోతుంది. ఆ లైను పొడవు చూసి ఈరోజు కొండకి ఎంతమంది వచ్చారో చెప్పగలమా? చెప్పలేం. లోపల లైను ఎంత వేగంగా కదులుతోందో కూడా తెలియాలి. వచ్చేవాళ్లు మామూలుగానే ఉన్నా, లోపల గేటు ఆలస్యంగా తీస్తే బయట లైను పెరుగుతుంది.

ఎల్‌డీఎల్ అంకె ఆ లైను పొడవు. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాగే గేట్లుంటాయి, రిసెప్టర్లు. వీటిని కనిపెట్టిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ దక్కింది. ఒక్కో రిసెప్టర్ ఎల్‌డీఎల్‌ను లోపల దింపి మళ్లీ పైకొచ్చి ఇంకోదాన్ని పట్టుకుంటుంది, చెడిపోయేలోపు ఎన్నో సార్లు. పీసీఎస్‌కే9 అనే ఇంకో ప్రోటీన్ మధ్యలో వచ్చి ఈ గేట్లను తుక్కుకి పంపిస్తుంటుంది.

ఇప్పుడు మామ ప్రశ్నకి జవాబు వెతకొచ్చు. గేట్లు తగ్గడానికి గుడ్డుతో పనిలేని కారణాలు చాలా ఉన్నాయి. పుట్టుకతోనే గేట్ల జన్యువుల్లో ఒకటి దెబ్బతిన్నవాళ్లు సుమారు 250 మందిలో ఒకరుంటారు. వాళ్లింట్లో నలభైల్లోనే గుండెపోట్లు వచ్చిన చరిత్ర కనిపిస్తుంటుంది. థైరాయిడ్ మందగిస్తే గేట్లు తగ్గుతాయి. ఈస్ట్రోజెన్ గేట్లను పెంచుతుంది, అందుకే నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఎల్‌డీఎల్ పెరగడం మామూలు. అప్పటిదాకా "నార్మల్" అనిపించుకున్న మా అత్తకే యాభై రెండేళ్లకి అంకె ఎగబాకింది, వంటలో ఏ మార్పూ లేకుండానే. వయసు పెరిగేకొద్దీ కూడా గేట్లు కొంత నెమ్మదిస్తాయి. ఇక నెయ్యిలాంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్) ఎక్కువైతే, అవే గేట్లు తగ్గుతాయి.

## గుడ్డుకీ నెయ్యికీ మధ్య తేడా

జనం లెక్క తలకిందులయ్యేది ఈ చివరి మాటతోనే. ఒక పెద్ద చెంచా, 15 గ్రాముల నెయ్యిలో కొలెస్ట్రాల్ సుమారు 40 మిల్లీగ్రాములు, గుడ్డులో ఉన్నదాంట్లో నాలుగో వంతు లోపే. కానీ సంతృప్త కొవ్వు దాదాపు 9 గ్రాములు. గుడ్డులో అది 1.6. కొలెస్ట్రాల్ మాత్రమే చూస్తే గుడ్డు దొంగ, గేట్లను చూస్తే నెయ్యి. శాకాహారికి గుడ్డు దోవ మూసుకున్నా నెయ్యి దోవ తెరిచే ఉంది. మామ సంగటి ముద్దలో గుంట చేసి పోసుకునే నెయ్యి చెంచాల లెక్కకి అందేది కాదు, గరిటెతో కొలవాలి.

చెనక్కాయ నూనె డబ్బా మీద "జీరో కొలెస్ట్రాల్" అని ఉంటే అది అబద్ధం కాదు. కొలెస్ట్రాల్ జంతువుల వస్తువు, ఏ గింజ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. ఆ లెక్కన పామాయిల్‌లోనూ సున్నాయే, అయినా అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు. చెనక్కాయ నూనెలో అయిదో వంతు లోపు. కాబట్టి ఆ ముద్ర నిజమే గానీ ఏమీ చెప్పదు, "ఈ నీళ్లలో కారం లేదు" అన్నట్టు. వనస్పతిలోని ట్రాన్స్‌ఫ్యాట్ ఇంకా చెడ్డది, ఎల్‌డీఎల్‌ను పెంచుతూ హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి మించకుండా ఆహార భద్రతా సంస్థ 2022 జనవరినుంచి కట్టడి చేసింది.

పప్పులు, బెండకాయ, జామకాయలాంటి వాటిలో ఉండే కరిగే పీచు వేరే వైపునుంచి పనిచేస్తుంది. మామూలుగా పేగులోకి వచ్చిన పైత్య ఆమ్లాల్లో 95 శాతం మళ్లీ కాలేయానికే తిరిగొస్తాయి. పీచు కొన్నిటిని పట్టుకుని బయటికి పంపేస్తే, కాలేయం కొత్తవి తయారుచేసుకోవాలి. ముడిసరుకు కావాలి కాబట్టి గేట్లు పెంచి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. రాగి సంగటికి ఈ గొప్ప అంటగట్టడం మా వైపు అలవాటు. రాగిలో పీచు బాగానే ఉంది గానీ ఎక్కువ భాగం కరగని రకం. ఆ పుణ్యం పక్కన పోసుకునే పప్పుది.

## రిపోర్టులో అంకెలు ఎక్కడినుంచి వస్తాయి

చాలా లాబ్‌లలో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్కగడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేస్తారు. మామ కాగితం తీసుకోండి: 246 లోంచి 38 తీస్తే 208. ట్రైగ్లిజరైడ్లు 210, అయిదో వంతు 42. 208 లోంచి 42 పోతే 166. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. నేరుగా కొలవాల్సిందే.

మధ్యలో వచ్చిన ఆ 208ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళం గోడలోకి దూరగల గోళీలన్నిటిలోని కొలెస్ట్రాల్ కలిపిన లెక్క అది. అది ఎందుకు ముఖ్యమో ఇద్దరు మనుషుల్ని ఊహించుకుంటే తెలుస్తుంది. ఇద్దరికీ మొత్తం 220. ఒకరికి హెచ్‌డీఎల్ 65, ట్రైగ్లిజరైడ్లు 100. ఎల్‌డీఎల్ 135. రెండోవారికి హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 300. ఎల్‌డీఎల్ 128. ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే రెండోవారే నయం. నాన్-హెచ్‌డీఎల్ చూస్తే మొదటివారికి 155, రెండోవారికి 188.

మన దేశంలో ఈ రెండో రకం ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త అధ్యయనంలో హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లు మూడింట రెండొంతులు, ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు అయిదింట ఒక వంతు. తెల్లన్నం, తీపి, మద్యం, నడుం చుట్టుకొలత, వీటితో కాలేయం ట్రైగ్లిజరైడ్ లారీలు ఎక్కువ పంపుతుంది. నడక, మెట్లెక్కడం బాగా తగ్గించేది ఆ ట్రైగ్లిజరైడ్లనే. ఎల్‌డీఎల్ మీద నడక ప్రభావం తక్కువ. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కే మామకి ఎల్‌డీఎల్ 166 ఉండడంలో వింతేమీ లేదు.

## "మంచి" కొలెస్ట్రాల్ అనే పేరు

హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లకి గుండెజబ్బు ఎక్కువ, ఇది నిజం. దాన్ని మందుతో పెంచితే మేలు జరుగుతుందని అందరూ అనుకున్నారు. టోర్సెట్రపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచింది కూడా. 2006లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు, మందు తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయని. హెచ్‌డీఎల్ ఆరోగ్యానికి గుర్తు కావచ్చు గానీ, ఆ అంకెను పెంచినంత మాత్రాన ఆరోగ్యం రాదు.

## ఒప్పుకోనివాళ్ల వాదనలు

"ఎల్‌డీఎల్ నిరపరాధి, అసలు దోషి చక్కెర" అనేవాళ్ల వీడియోలు వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. వాళ్ల మాటల్లో బలమైనవి ఉన్నాయి. గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామందికి ఎల్‌డీఎల్ మామూలుగానే ఉంటుంది. ముసలితనంలో కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లే ముందు పోతున్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపిస్తుంది. తిండిలోని కొలెస్ట్రాల్‌కు పెట్టిన 300 మిల్లీగ్రాముల హద్దుని అమెరికా 2015 మార్గదర్శకాల్లో తీసేసింది, అంటే ఇన్నాళ్లూ చెప్పింది తప్పనే కదా అంటారు.

చివరిది గుడ్డు గురించిన మాట, ఎల్‌డీఎల్ గురించిన మాట కాదు. రెంటినీ కలిపేయడమే అసలు చిక్కు. ముసలివాళ్ల విషయంలో, చాలాసార్లు లోపల ముదురుతున్న జబ్బే కొలెస్ట్రాల్‌ను కిందికి లాగుతుంది. జబ్బు ముందు, అంకె తర్వాత. మొదటి వాదనకి జవాబు గేట్ల దగ్గరే దొరికింది. కొందరికి పుట్టుకతో పీసీఎస్‌కే9 సరిగ్గా పనిచేయదు, గేట్లు ఎక్కువ, ఎల్‌డీఎల్ జీవితమంతా తక్కువ. 2006లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో అలాంటి నల్లజాతివాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. వాళ్లు తిండి మార్చుకోలేదు, మాత్ర వేసుకోలేదు. అటు, అమ్మ నుంచీ నాన్న నుంచీ దెబ్బతిన్న గేట్ల జన్యువే వచ్చి పుట్టిన పిల్లల్లో కొందరికి పదేళ్లలోపే గుండెపోట్లు రావచ్చు. రక్తనాళం గోడలో ఎల్‌డీఎల్ చిక్కుకోవడం ఏళ్ల తరబడి జరిగే పని, కాబట్టి ఎంత ఉంది అనేదానితోపాటు ఎన్నేళ్లుగా ఉంది అనేదీ లెక్కే. చక్కెర, పొగ, బీపీ ఆ గోడని ఇంకా దెబ్బతీస్తాయి. దోషి ఒకడే ఉండాలన్న పట్టుదల నాకు అర్థం కాదు.

మాత్రల మీద గొడవ ఇంకో రకం. స్టాటిన్ కథ జపాన్‌లో మొదలైంది. అకీరా ఎండో వేల బూజులు పరీక్షించి, క్యోటోలో ఒక ధాన్యపు కొట్టు బియ్యంమీది బూజులో మొదటిదాన్ని పట్టుకున్నాడు. 1987లో అమెరికాలో తొలి స్టాటిన్ మార్కెట్‌కి వచ్చింది. మాత్ర కుళాయి కడుతుంది, కాలేయానికి సరుకు కరువై గేట్లు పెంచుతుంది, లైను తగ్గుతుంది. ఒంటినొప్పుల భయం ఎక్కువ. కొందరికి నిజంగానే వస్తాయి. అయితే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు కూడా దాదాపు అంతే నొప్పులు చెప్పారని పెద్ద ప్రయోగాల్లో తేలింది. షుగర్ అంచున ఉన్నవాళ్లని కొంచెం ముందుకు నెట్టడం కూడా ఉంది.

అసలు తేడా ఎవరికి ఎంత లాభం అన్నదాంట్లో వస్తుంది. ఎల్‌డీఎల్ 39 తగ్గితే గుండెపోటు, పక్షవాతంలాంటి వాటి ముప్పు అయిదో వంతు తగ్గుతుందని ప్రయోగాల సారాంశం. షుగరూ బీపీ ఉండి, పదేళ్లలో 100కి 20 ముప్పున్న వ్యక్తికి అది 16 అవుతుంది, 100 మందిలో నలుగురు తప్పించుకుంటారు. 100కి 5 ముప్పున్న వయసు కుర్రాడికి 4 అవుతుంది, ఒక్కరు తప్పించుకుంటారు. శాతం ఒకటే, మనుషులు వేరు. ఆ ఒక్కరి కోసం పదేళ్లు మాత్ర వేసుకోవాలా అని ఒక డాక్టరు సందేహిస్తే, ఇప్పుడు మొదలుపెడితేనే కదా ముప్పై ఏళ్ల తర్వాత లాభం అని ఇంకొకరు అంటారు. ఇద్దరూ ఒకే లెక్క చూస్తున్నారు, వేర్వేరు దూరాల నుంచి.

మామ ఈ గొడవల జోలికి ఇంకా రాలేదు. డాక్టరు మాత్ర రాయకుండా ముందు టీఎస్‌హెచ్ చేయించమన్నాడు, థైరాయిడ్ సంగతి తేలాక చూద్దామని. చీటీ చొక్కా జేబులోనే ఉంది. "రిపోర్టు సోమవారం ఇస్తారంట. అందాక సంగట్లోకి నెయ్యి గరిటెతోనా, చెంచాతోనా?" అని అడిగాడు. వెనకనుంచి అత్త ఫోన్ లాక్కుని, "చెంచా" అంది.